నిత్యజీవితమే నేతకు నమూనా



వస్త్రముమీది నమూనా ఎక్కడనుండి వచ్చును? పువ్వు, పిందె, హంస, నెమలి, గడి, గీత - వీనిని మొట్టమొదట మగ్గముమీదికి తెచ్చినవారెవరు? దేనిని చూచి తెచ్చిరి? మీ భుజముమీది కండువా అంచునైనను, మీ యింటి ఆడువారి చీరకొంగునైనను ఒక్కసారి చేతిలోనికి తీసికొని చూచినచో ఈ ప్రశ్న మీకును తోచును. ఈ సాయంకాలము దీనిని గూర్చియే నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

నేను పండితురాలను గాను. నేతవారి యింట పుట్టినదానను గాను. వస్త్రవిద్య నభ్యసించుచున్న విద్యార్థినిని మాత్రమే. అయితే నా వయస్సు 54 సంవత్సరములు. బిడ్డల చదువులు, పెండ్లిండ్లు ముగిసిన పిదప, హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నున్న మాదాపూరులో ఒక తరగతియందు చేరితిని. నాతోడి విద్యార్థినులు నా చిన్నకుమార్తెకంటెను చిన్నవారు. "మనుమలను ఎత్తుకొనవలసిన వయస్సున ఈ బడి యేమిటి?" అని మా బంధువులలో పెద్దలు కొందఱడిగిరి. అట్టి పెద్దలు ఈ ప్రసంగమును వినుచున్నవారిలోను ఉందురు గనుక, వారికి చెప్పవలసిన సమాధానముకూడ దీనిలోనే కలసివచ్చును.

మాదాపూరు ఒకప్పుడు రాళ్లగుట్టల నడుమ నుండిన పల్లె. దాని చెంతనున్న దుర్గం చెఱువు కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీరందించినది. 1992వ సంవత్సరమున అక్కడ చేతిపనులవారికొఱకు శిల్పారామము ఏర్పడినది. 1995లో నెలకొన్న జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థవారి హైదరాబాదు విద్యాలయమును నేడు మాదాపూరునందే యున్నది. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు అక్కడ సైబర్ టవర్స్ అను గుండ్రని మేడను ప్రారంభించిరి. నాటినుండి అద్దాల మేడలు వరుసగా లేచినవి. హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు ఆ ప్రాంతమునకు పేళ్లు వచ్చినవి. 2019లో మెట్రో రైలు వచ్చినది. 2020లో దుర్గం చెఱువుమీద తీగల వంతెన వెలసినది. ఇట్లు గుట్టరాయి, కుమ్మరిచక్రము, మగ్గము, కంప్యూటరు ఒక్క క్రోసెడు నేలలో ఇరుగుపొరుగులై యున్నవి.

తరగతిలో చేరిన మొదటి వారముననే మా ఉపాధ్యాయిని ఒక్కొక్కరికి ఒక తెల్లకాగితముల పుస్తక మిచ్చి, "దినమునకు పది వస్తువులను గీయుడు. గ్రంథములలోని బొమ్మలను గాని, చేతిఫోనులోని బొమ్మలను గాని చూచి గీయరాదు. మీ త్రోవలో మీ కన్నులకు కనబడినదియే గీయవలెను" అని నియమము పెట్టినది. పడుచువారికి ఇది కష్టముగా తోచినది. నాకు కొంత సులువైనది. నలువది యేండ్లుగా బియ్యములో రాయి యేరిన కన్ను, పాలు పొంగుటకు ముందే గమనించు కన్ను, బిడ్డ నడకను బట్టియే జ్వరమును కనిపెట్టు కన్ను నాకు కలదు. గృహిణి చూపు అభ్యాసము లేని చూపు కాదు. ఆ చూపును కాగితముమీద పెట్టు విధమొక్కటియే నేను నేర్వవలసి యుండెను.

అట్లు చూడగా, నేను దినదినము నడచు బాటయే ఒక బొమ్మల పుస్తక మయ్యెను. బడికి పోవు దారిలో ఇంకను మిగిలియున్న ఒక పెద్దబండ కలదు. దూరమునకు అది బూడిదరంగుగా కనబడును. దగ్గరకు పోయి చూచినచో దానిలో లేతగులాబి కలదు, తెలుపు కలదు, నల్లని చుక్క కలదు, నాచు ఎండినచోట పసుపు కలదు. ఈ దక్కను రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దానిని చూచి అయిదు రంగుల నూలు అద్దుకొని ఒక జానెడు గుడ్డ నేసితిని. బండయొక్క బూడిదరంగు దానిలో తానుగా వచ్చినది. మేడలు కట్టు చోట కూలిపని చేయు స్త్రీలు తలమీద పెట్టుకొను చుట్టకుదురు, పూలమ్మి మూరవేయునప్పుడు మోచేతినుండి జారు దండ, టీబండి వెనుక ఎండకు కట్టిన గోనెపట్టా - ఇవన్నియు నా పుస్తకములోనికి వచ్చినవి.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది రాత్రివేళ మేడల కిటికీల వరుస. సీమదేశములలో పగలైనప్పుడు మనకు రాత్రి గనుక, ఆ దేశములవారి పనిచేయు మేడలలో అర్ధరాత్రియు దీపములు వెలుగుచుండును. ఒక కిటికీ వెలుగు, ఒక కిటికీ చీకటి, మరల రెండు వెలుగులు. అది నాకు మా గళ్లకాగితమువలె కనబడినది. నేత నమూనాను మేము గళ్లకాగితముమీద వ్రాయుదుము. ఒక్కొక్క గడి కొన్ని పడుగుపోగులకును, కొన్ని పేకపోగులకును గుఱుతు. నింపిన గడికి ఒక రంగు, నింపని గడికి ఒక రంగు.

ఈ పోలిక కేవలము నా ఊహ కాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున జాకార్డు అను నాతడు, అట్టముక్కలకు రంధ్రములు పొడిచి, వానినిబట్టి పడుగుపోగులు లేచునట్లు మగ్గమునకు ఒక సాధనమును అమర్చెను. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. మన నేతవారు జకార్డు అనునది అదియే. తరువాత ఇంగ్లండులో బాబేజి అను గణితశాస్త్రజ్ఞుడు తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆ అట్టలనే ఎరువు తెచ్చుకొనెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలెరిత్ అను నాతడు రంధ్రముల అట్టలతోనే తేల్చెను. నేటి కంప్యూటరునకు గల పూర్వులలో మగ్గము ఒకటి. ఆ అద్దాల మేడలను చూచి, అవి మనకు కాని లోకమని నేతవాడు చిన్నబోవలసిన పని లేదు.

నిత్యము చూచినదానిని నేయుట క్రొత్తగా బడులలో పుట్టిన పద్ధతియు కాదు. సిద్దిపేట చీరమీది గొల్లభామ ఎవరు? తలమీద పాలకుండతో వీధిలో నడచిపోవు మన గొల్లయింటి ఆడపడుచే. ఆమెను చూచిన నేతకాడు అదనపు పేకతో ఆమెను చీరలో నిలిపెను. గద్వాల చీర అంచుమీది కోటకొమ్మ ఆ సీమవారు చూచిన కోటగోడయే. చీరాలలో పుట్టి నేడు పుట్టపాకలో నిలిచియున్న తేలియా రుమాలు సంగతి వినుడు. నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిదనీటిలోను నానవైచి, ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో నేయు ఆ రుమాళ్లు అరబ్బుదేశములకు ఎగుమతియయ్యెడివి. గత శతాబ్దపు తొలిసగమున నేసిన రుమాళ్లలో ఏనుగు, సింహములతోపాటు గడియారము, విమానము కూడ కనబడును. విమానము ఆకాశమున క్రొత్తగా ఎగిరినప్పుడు మన నేతకాడు తలయెత్తి చూచి, దించి, మగ్గముమీద దానిని వ్రాసికొనెను. అతనికి ఎవరును బడిలో చెప్పలేదు.

అట్లయిన నేడు మగ్గములమీద పాత నమూనాలే మరల మరల ఏల వచ్చుచున్నవి? నేతవారి చూపు మందగించినదా? ఈ సందేహము నాకును ఉండెను. కిటికీల నమూనాను తీసికొని యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఒక గ్రామమునకు పోయినప్పుడు అది తీరినది.

ఆ సీమ నేత చిటికిపని. అనగా నూలును నేయుటకు ముందే, నమూనా ప్రకారము అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుదురు. కట్టినచోట రంగెక్కదు. విప్పి, మరల వేఱుచోట కట్టి, మరొక రంగులో ముంచుదురు. కట్టుటకు పాత సైకిలు ట్యూబును సన్నని పీలికలుగా కోసి వాడుదురు. ఆ యింటి యిల్లాలు నా కాగితమును చాలసేపు చూచి, "అక్కా, గీత ఎంత సన్నగుంటే కట్టు అంత ఎక్కువైతది. గీ కిటికీలు ఇంత చిన్నగుంటే మా వేళ్లు పోతయి" అన్నది. పిదప కొంచెము తాళి, "రాత్రి పన్నెండింటికి గూడ గిట్లనే దీపాలుంటయా?" అని అడిగినది. ఉండునంటిని. "మా పిల్లగాడు ఆడనే ఒక బిల్డింగుల రాత్రి డ్యూటీ జేస్తడు" అని, ఇంకేమియు అనక కాగితమును మడిచి దీపపు గూటిలో పెట్టినది.

ఆ యింట ఏడెనిమిది చీరలకు చాలు పడుగు ఒక్కసారి పోయుదురు. నమూనా అమ్ముడుపోని పక్షమున నష్టము ఒక చీరది కాదు, పడుగంతటిది. రెండు నెలల తిండి దానిమీద ఆధారపడి యుండును. వారికి చూపు తక్కువై పాత నమూనాను పట్టుకొని కూర్చుండలేదు. క్రొత్తదానిని వేసి చెడిన నష్టమును పంచుకొనువారు లేక కూర్చున్నారు. నేను సగము ఖర్చు పెట్టుకొందునన్న మీదట ఆమెయు, ఆమె భర్తయు ఒప్పుకొని చిన్న పడుగు పోసిరి. కిటికీలను పెద్దవి చేసి, వరుసలు తగ్గించితిమి. కట్లు తగ్గింపవలెనని నాతో వాదించిన ఆ యిల్లాలే, ఒక్క కిటికీకి మాత్రము అదనముగా ఒక కట్టు వేసి, తక్కిన దీపములు తెల్లగా నుండగా దానిని పసుపుపచ్చగా నిలిపినది. కారణము నేనడుగలేదు.

మా చీర నేసిన సీమలోనే, ఆలేరు చెంతనున్న శారాజీపేటలో చింతకింది మల్లేశంగారి సంగతియు మీరెఱుగుదురు. చిటికిపనికి ముందు పేకనూలును మేకుల చుట్టును త్రిప్పు ఆసుపని యొకటి కలదు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఇటునటు ఆడవలెను. తల్లి లక్ష్మిగారు ఆ పనితో భుజము నొచ్చి బాధపడుటను దినదినము చూచిన ఆ కుమారుడు, బడిచదువు పూర్తికాకున్నను, 1992లో యంత్రమునకు పూనుకొనెను. ఏండ్లు గడచినను ఒక కదలిక కుదరలేదు. 1999లో హైదరాబాదులోని బాలానగరునకు కూలిపనికై పోయినప్పుడు, అక్కడి యొక యంత్రము కదలుట చూచి తనకు కావలసిన కీలును గ్రహించెను. నాలుగు గంటల పని గంటన్నరకు దిగినది. దానికి తల్లి పేర లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఇంటిలో తల్లి భుజము, పనిచోట పరుల యంత్రము - ఈ రెండింటిని చూచుటయే ఆయన చేసిన పరిశోధన.

పెద్దలారా, నేను చెప్పదలచినది ఇంతియే. నమూనా దూరదేశమునుండి రాదు. బ్రతుకును దగ్గరగా చూచు కంటినుండి వచ్చును. ఆ కన్ను నేతవారియందు, వారి యింటి స్త్రీలయందు నేటికిని కలదు. మన దేశమున చేనేతలోను, దాని అనుబంధపు పనులలోను ఉన్నవారు 35 లక్షలకు పైబడినవారని 2019-20 నాటి గణన చెప్పినది. వారిలో నూటికి సుమారు 72 మంది స్త్రీలే. ఇంతమంది చూపు వృథాపోవుచుండగా, మిల్లులలో యంత్రముమీద అచ్చువేసిన చిటికి పోలిక గుడ్డలు అంగళ్లను నింపుచున్నవి. వానిని గుర్తించుట సులభము. అచ్చుగుడ్డకు తిరుగవైపు రంగు వెలవెలబోవును. నిజమైన చిటికిగుడ్డకు రెండువైపుల ఒక్కటే రంగు. బొమ్మ అంచున రంగు ఈకవలె కొంచెము చెదరియుండును.

కావున మీకు మూడు మనవులు. మీ గ్రామమున సహకార సంఘమున్నచో, ఏటికి ఒక్క పడుగునైనను క్రొత్త నమూనాకై విడిచి, దాని లాభనష్టములను సంఘమే భరించునట్లు చేయుడు. మీ పెట్టెలలోని పాత చీరలను, ధోవతులను అవతల పారవేయక, నేసినవారి పేరును, సంవత్సరమును కాగితముపై వ్రాయించి దానితో దాచుడు. అవి రేపటివారికి పాఠపుస్తకములు. ఇక మీ కోడలో, చెల్లెలో, భార్యయో నడివయస్సున ఒక పలకయు పెన్సిలును పట్టుకొని బొమ్మ గీయ కూర్చున్నచో, "ఈ వయస్సున ఇదేమి?" అని నవ్వక, ఏమి గీసినదో ఒక్కసారి వంగి చూడుడు. దానిలో మీ వాకిలియో, మీ బావియో, మీ ఎడ్లబండియో కనబడవచ్చును. అది చీరకొంగున నిలిచి మీ ఊరి పేరును పది దేశములకు మోయవచ్చును.