"చలికి చనిపోయాడు": ఇంగ్లీష్‌లో ఏమనాలి?

ఈ రోజు టాపిక్ కొంచెం బాధగా ఉంటుంది, కానీ తెలుసుకోవాల్సిందే. "ఆయన చలికి చనిపోయాడు." దీన్ని ఇంగ్లీష్‌లో ఎలా చెప్తారు?

"చలితో" కాబట్టి "డైడ్ విత్ కోల్డ్" అంటారు కొందరు. అది తప్పు. "డైడ్ ఆఫ్ ఎ కోల్డ్" అంటారు ఇంకొందరు. అది ఇంకా ప్రమాదం! "ఎ కోల్డ్" అంటే జలుబు. జలుబు చేసి పోయాడని అర్థం వస్తుంది. చలి అని చెప్పాలంటే "ద కోల్డ్" అనాలి. "హీ డైడ్ ఫ్రమ్ ద కోల్డ్." ఇది కరెక్ట్, అందరికీ అర్థమవుతుంది.

ఇప్పుడు అసలైన మూడు మాటలు చూద్దాం.

ఒకటి, "ఫ్రోజ్ టు డెత్". వార్తల్లో, కథల్లో వాడతారు. కానీ "ఐయామ్ ఫ్రీజింగ్ టు డెత్" అని ఊరికే కూడా అంటారు, మనం "చలికి చచ్చిపోతున్నా" అన్నట్టే. అందుకే చనిపోయినవాళ్ల ఇంట్లో ఈ మాట వాడకండి, కటువుగా ఉంటుంది.

రెండు, "డైడ్ ఆఫ్ హైపోథర్మియా". ఇది డాక్టర్ల మాట. మన ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. లోపలి వేడి 35 కంటే తగ్గితే హైపోథర్మియా. అంటే ఒళ్లు గడ్డకట్టక్కర్లేదు. తడి బట్టలతో గాలిలో ఉండిపోతే, బయట సున్నాకి పైన ఉన్నా ప్రాణం పోవచ్చు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు చాలామంది లైఫ్ జాకెట్లతో నీళ్ల మీద తేలుతూనే చనిపోయారు. వాళ్లకి "డ్రౌన్డ్" అనే మాట సరిపోదు. ప్రాణం తీసింది ఆ నీళ్ల చలి.

మూడు, "డైడ్ ఆఫ్ ఎక్స్‌పోజర్". దిక్కులేకుండా ఆరుబయట వాతావరణానికి చిక్కి చనిపోవడం. 2022 జనవరిలో కెనడా నుంచి అమెరికాలోకి నడిచి వెళ్లబోయిన గుజరాత్ కుటుంబం నలుగురూ సరిహద్దు దగ్గర మంచులో చనిపోయారు. అక్కడి అధికారులు ఎక్స్‌పోజర్ అనే మాటే వాడారు.

మరి ఏది ఎప్పుడు? డాక్టర్ కారణం తేల్చి చెప్తే హైపోథర్మియా. చలిలో చిక్కుకుని పోయారని ఖాయమైతే ఎక్స్‌పోజర్. ఏదీ తేలలేదా? చలికాలం పొద్దున్నే ఫుట్‌పాత్ మీద ఒకాయన చనిపోయి కనిపించాడనుకోండి. అది గుండెపోటూ కావచ్చు. అప్పుడు "హీ వాజ్ ఫౌండ్ డెడ్ ఆన్ ఎ కోల్డ్ మార్నింగ్" అని ఆపేయండి. మనకి తెలిసిందే రాయాలి, ఊహించింది కాదు.

ఇక ఆ కుటుంబానికి మెసేజ్ పెడుతుంటే కారణం ఊసే వద్దు. "ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్." అంతే చాలు.