ఎవరి ఉత్తరం ఎవరికి?



అమ్మకి రాసే ఉత్తరం, అత్తగారికి రాసే ఉత్తరం ఒక్కలాగే వుంటాయా చెప్పండి? అమ్మకయితే "ఈ ఎండలకి తాళలేకపోతున్నానే" అని రాస్తాం. అత్తగారికి "ఇక్కడ అందరం క్షేమం" అని రాస్తాం. రెండూ అబద్ధాలు కావు. మన గోదావరి తీరాన ప్రొటెస్టెంటు మతం ఎలా పెరిగిందో ఆనాటి కాగితాల్లో చూద్దామని కూర్చున్నప్పుడు నాకీ సంగతే అక్కరకొచ్చింది.

1517లో జర్మనీలో లూథర్ మొదలుపెట్టిన ఉద్యమంలో, వేదగ్రంథాన్ని ఎవరి భాషలో వారు చదువుకోవాలన్నది పెద్ద మాట. అందుకే ఈ మతం వెళ్ళిన చోటికల్లా బడి కూడా వెళ్ళింది. తెలుగులో కొన్ని సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1836లో ఇంగ్లండునుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా బయల్దేరి వచ్చి, మరుసటేడు నరసాపురంలో కాపురాలు పెట్టారు. ఒకాయనది రాతిపని, రెండో ఆయనది చెప్పులు కుట్టే పని! ఆ పని చేసేవారిని మనవాళ్ళు గడప తొక్కనివ్వని రోజులవి. రాజమండ్రికి 1845లో వాలెట్ అనే జర్మన్ లూథరన్ వచ్చారు.

వీళ్ళ ఉత్తరాలూ నివేదికలూ ఎక్కువగా డబ్బు పంపే దాతలకోసం రాసినవి. అత్తగారికి రాసే ఉత్తరం లాంటివన్నమాట. అందులో ఆశ ఒక పాలు ఎక్కువే వుంటుంది. అవే రోజుల్లో రాజమండ్రి జడ్జిగారి భార్య జూలియా కూడా ఇంటికి ఉత్తరాలు రాసింది. 1843లో లండన్‌లో అవి పుస్తకంగా వచ్చినప్పుడు పేరు లేదు, "ఒక స్త్రీ" రాసినవని మాత్రం వేశారు. ఎండలు, నౌకర్లు, తాము పెట్టించిన బడి అన్నీ వున్నాయందులో. ఇది అమ్మకి రాసే ఉత్తరం. కాకపోతే ఆవిడా దొరసానే, మేడమీంచి చూసిన ఊరే ఆవిడకి కనపడింది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఇక ఆ మతంలో చేరినవారు? వారిలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. వారు రాసుకున్న ఉత్తరాలు నాకెక్కడా దొరకలేదు. మా పక్కింటావిడ, "అన్నానికి ఆశపడి చేరారులెండి" అని ఒక్కమాటలో తేల్చేసింది. ఆకలి కూడా ఒక కారణమే అయివుండొచ్చు. ఆకలేమన్నా తప్పా? అయినా తొలి ఏళ్ళలో ఆ దొరలకి చేతికందిన ఫలితం బహు స్వల్పం. అన్నం ఒక్కటే కారణమయితే అంత ఆలస్యం ఎందుకయినట్టు?

ఆ మధ్య మాకు తెలిసిన ఒక పెద్దావిడ పాత చర్చి రిజిస్టరులోంచి రాయించుకున్న కాగితం ముక్క పట్టుకొచ్చింది. ఆవిడ నాయనమ్మ పేరు, ఊరు, బాప్తిస్మం తేదీ, అంతే. "ఆవిడ పేరు కాయితం మీద రాసింది ఇదొక్కచోటేనమ్మా" అంది. తెలుగు బైబిలు గడగడా చదువుతుంది గాని, ఇంగ్లీషులో వున్న ఆ ఒక్క వరసా నాచేత చదివించుకుంది. రెండుసార్లు.