అమెరికా న్యాయస్థానములలో తల్లిభాష

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

బడి పండుగనాడు అమెరికా న్యాయశాస్త్ర ప్రసంగమేమని మీలో కొందరికి తోచవచ్చును. పిల్లల నాటకము తెరవెనుక సిద్ధముగా నున్నదనియు, మీ చూపులన్నియు అటే యున్నవనియు మే మెరుగుదుము. అయినను కొంచెము సేపు మీ ఓర్పును వేడుచున్నాము. తెలుగుసీమకు వెలుపల తెలుగుబడిని నిలుపుకొనుచున్న మనకు, ఆ దేశమున నూరేండ్లకు పైగా నడచుచున్న ఈ వాదము వినదగినదని మా నమ్మకము.

1920వ సంవత్సరము మే నెల 25వ తేదీన నెబ్రాస్కా రాష్ట్రములోని హాంప్టన్ అను చిన్న యూరిలో, జియాన్ లూథరన్ చర్చివారి బడియందు, రాబర్ట్ మేయర్ అను ఉపాధ్యాయుడు పదేండ్ల బాలునిచేత జర్మను భాషలో బైబిలు కథ చదివించుచుండెను. అంతలో ప్రభుత్వ న్యాయవాది వచ్చి నిలిచెను. ఆ క్షణమున ఇంగ్లీషులోనికి మారినచో ఏ చిక్కును లేదు. జర్మనులోనే సాగించినచో నేరము మోపుట తప్పదు. మేయరు జర్మనులోనే సాగించెను. ఆయన పక్షమున వాదించిన ఆర్థర్ మలెన్ తన ఆత్మకథలో ఈ ఘట్టమును వ్రాసియున్నాడు. విధింపబడిన జుల్మానా 25 డాలర్లు.

ఆ శాసనము 1919లో పుట్టినది. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీ శత్రుదేశమగుటచే, అమెరికాలో తరతరములుగా సేద్యము చేసికొని బ్రతుకుచున్న జర్మను కుటుంబములమీదికి అనుమానము మరలెను. ఇరువదికి పైగా రాష్ట్రములు పరభాషా బోధనమును అరికట్టుచు శాసనములు చేసెను. అయోవా గవర్నరు 1918లో వెలువరించిన ప్రకటనయందు, టెలిఫోనులో సైతము ఇంగ్లీషు తప్ప వేరొక భాష వినరాదని ఆజ్ఞాపించెను. నెబ్రాస్కా శాసనము ప్రకారము, ఎనిమిదవ తరగతి ముగియని పిల్లలకు, బడి ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, పరభాష నేర్పరాదు. లాటిను, గ్రీకు, హీబ్రూ మాత్రము వ్యవహారమునందు లేని ప్రాచీన భాషలు గనుక నిషేధమునకు లోబడవని ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము సెలవిచ్చినది. చచ్చిన భాషలకు అభయము, బ్రతికిన భాషకు శిక్ష! ఇంటిలో అవ్వ మాటలాడు భాషయే అపాయకరమని తలచిన కాలమది.

1923 జూన్ 4వ తేదీన అమెరికా సుప్రీము కోర్టు, ఏడుగురు ఒకవైపు ఇద్దరు మరొకవైపు నిలువగా, ఆ శాసనమును కొట్టివేసెను. తీర్పు వ్రాసినవాడు జస్టిస్ మెక్‌రేనాల్డ్సు. ఈయన సహృదయుడని చెప్పుటకు వీలులేదు. యూదులగు సాటి న్యాయమూర్తులపట్ల ఆయన చూపిన ద్వేషము చరిత్రకెక్కినది. అట్టివాని కలమునుండి ఇట్టి తీర్పు వెలువడుట వింతయే. 1868 నాటి పదునాలుగవ సవరణలో ‘స్వేచ్ఛ’ అను ఒక్క మాట కలదు. భాషను గూర్చిగాని, బడిని గూర్చిగాని అందులో ఒక్క యక్షరమును లేదు. ఆ స్వేచ్ఛలోనే ఉపాధ్యాయుడు తన వృత్తిని సాగించుకొను హక్కును, తమ బిడ్డకు చదువు చెప్పుటకు అతనిని నియమించుకొను తల్లిదండ్రుల హక్కును ఇమిడియున్నవని కోర్టు నిర్ణయించెను. 1925లో ఆరిగాను కేసున ప్రైవేటు బడుల మనుగడకును, 1927లో హవాయి కేసున జపాను భాషా పాఠశాలలకును ఇదే సూత్రము రక్షణ యిచ్చెను. హవాయిలో అప్పుడు పరభాషా పాఠశాలలు 163. వానిలో తొమ్మిది కొరియను బడులు, ఏడు చీనా బడులు, మిగిలినవన్నియు జపానువారివి. నేడు అమెరికాలో మనవారు శని ఆదివారములందు నడుపుకొనుచున్న తెలుగుబడుల వెనుకను, వారెరిగినను ఎరుగకున్నను, ఈ తీర్పులే నిలిచియున్నవి.

భిన్నాభిప్రాయము తెలిపిన ఇద్దరిలో ఒకడు మహాపండితుడగు హోమ్సు. ఒక దేశపు పౌరులందరు ఒక సామాన్యభాష నేర్వవలెనని కోరుట అసంగతము కాదనియు, లేబ్రాయమే అందుకు తగిన కాలమనియు, కోర్టులు అడ్డుపడరాదనియు ఆయన వాదము. దీనిని మనము తేలికగా త్రోసివేయరాదు. మనమున్న రాష్ట్రపు భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలెను; అది రానివాడు ఇచ్చట అంగడిలోను అతిథియే, కచేరిలోను అతిథియే. కాని ఒక భాష నేర్పవలెననుట వేరు, మరొక భాష నేర్పరాదనుట వేరు. నెబ్రాస్కావారు ఈ రెంటి నడుమనున్న గీటును దాటిరి.

ఇక ఈ తీర్పు ఈయనిది యేమి? ప్రభుత్వము అడ్డుపడరాదని చెప్పినదే గాని, సాయపడవలెనని చెప్పలేదు. ఆ లోటు ఏబదియేండ్ల పిదప శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బయటపడినది. అచ్చట ఇంగ్లీషు రాని చీనా పిల్లలలో సుమారు 1,800 మందికి ఎట్టి ప్రత్యేక బోధనయు లేకుండెను. అందరికి ఒకే గురువు, ఒకే పుస్తకము, ఇంక అసమానత యెక్కడిదని అధికారుల వాదన. పాఠము అర్థము కాని పిల్లవానికి ఇది సమానత్వము కాదని 1974లో సుప్రీము కోర్టు ఏకగ్రీవముగా తీర్మానించెను. అయితే అది రాజ్యాంగమును గాక 1964 నాటి పౌరహక్కుల చట్టమును ఆధారము చేసికొనెను. చట్టముపై నిలిచిన హక్కు చట్టముతో పాటే ఊగిసలాడును. 2001లో మరొక తీర్పు వలన, బుద్ధిపూర్వకమగు వివక్షను చూపలేనివారు ఆ చట్టము క్రింద తామే కోర్టుకెక్కు దారి మూసికొనిపోయెను. కాలిఫోర్నియా ప్రజలు 1998లో ద్విభాషా బోధనమును చాలవరకు త్రోసివేసి, 2016లో వోటు ద్వారా మరల దానికి తలుపు తెరచిరి.

న్యాయవిద్వాంసుల నేటి తర్కము ఇంకను లోతైనది. 1994లో విలియం రాస్ అను పండితుడు ఈ కేసుల చరిత్రను గ్రంథరూపమున వెలువరించి, అమెరికాలో పౌరస్వేచ్ఛల రక్షణకు ఇవి తొలిమెట్లని చూపెను. బార్బరా బెన్నెట్ వుడ్‌హౌస్ అను విదుషి 1992లో వేరొక ప్రశ్న లేవదీసెను: ఈ తీర్పులు బిడ్డను తల్లిదండ్రుల ఆస్తివలె చూచుటలేదా? గురువు హక్కు మాటలాడబడినది, తండ్రి హక్కు మాటలాడబడినది; ఆ పదేండ్ల బాలుని హక్కేమాయెను? ఈ ప్రశ్న మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. మన పిల్లలు తెలుగు చదువుట మన తృప్తికొరకా, వారి మేలుకొరకా అని ఇచ్చటి ప్రతి తండ్రియు ఒక్కమారైన తన్ను తా నడుగుకొనవలసియున్నది. వారిని అడిగినవారము ఎందరము?

2022లో గర్భస్రావపు హక్కును త్రోసివేసిన డాబ్స్ తీర్పు పిమ్మట మరొక చర్చ చెలరేగినది. ‘స్వేచ్ఛ’ అను మాటలోనుండి వ్రాయని హక్కులను వెలికి తీయు పద్ధతినే పునర్విమర్శించవలెనని జస్టిస్ థామస్ ఆనాడు వ్రాసెను. మేయరు తీర్పు నిలిచినది ఆ పద్ధతిమీదనే. అయినను తల్లిదండ్రుల హక్కుపై ఆ కోర్టునకు గౌరవము తగ్గినట్లు లేదు; 2025లో మేరీలాండు తల్లిదండ్రులు కొన్ని పాఠములనుండి మతకారణమున తమ బిడ్డలను తప్పించుకొనగోరగా, కోర్టు వారి పక్షమున నిలిచెను. అదే సంవత్సరము మార్చి 1వ తేదీన ఇంగ్లీషును అధికారభాషగా ప్రకటించు ఉత్తరువు అధ్యక్షునినుండి వెలువడినది. దానివలన ఏ ప్రైవేటు బడియు మూతపడదు. కాని గాలి యెటు వీచుచున్నదో తెలియును.

ఇప్పుడు మన సంగతి. వారు ఒక్క మాటనుండి పిండుకొనవలసివచ్చిన హక్కు మన రాజ్యాంగమున అక్షరాల వ్రాయబడియున్నది. 29వ అధికరణము భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకొనుటకు. 30వది బడులు స్థాపించి నడుపుకొనుటకు. 1956లో చేరిన 350-ఏ ప్రాథమిక తరగతులలో తల్లిభాషా బోధనకు రాష్ట్రములు వసతులు కల్పించుటకు. తల్లిభాషను ప్రభుత్వము బలవంతముగా రుద్దరాదనియు, బోధనాభాషను ఎన్నుకొనుట తల్లిదండ్రులదే ననియు 2014లో, కర్ణాటకకు సంబంధించిన కేసున, మన సుప్రీము కోర్టు చెప్పినది. ఈ తీర్పు ఇరువైపుల పదునుగల కత్తి. తెలుగు వలదనుకొను తండ్రికి కూడ ఇది అండయే.

1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానమొకటి కలదు. ప్రాథమిక తరగతులలో బడియంతటికి 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని తల్లిభాషను కోరు పిల్లలున్నచో, ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. భాషాల్పసంఖ్యాకులకు చూపబడు రక్షణలలో ఈ లెక్క నేటికిని ఒకటి. ఈ లెక్క కుదురునది కోర్టులో గాదు, చేరిక పత్రములో. అందులో ‘మాతృభాష’ అను గడి కలదు. పక్కింటివారేమనుకొందురో యనియు, పిల్లవానికి ముందుముందు చిక్కగునేమో యనియు ఆ గడిలో వేరు భాష పేరు వ్రాసినవారిని మేము చూచియున్నాము. వచ్చే యేటి చేరిక పత్రములు కార్యాలయమున సిద్ధముగా నున్నవి. నాటకము ముగిసిన పిదప, వెళ్లుటకు ముందు, ఆ గడిని నింపి యిచ్చిపోవలసినదిగా ప్రార్థన.