నాడి చూడాలా, ఊపిరి చూడాలా?

రాయపూర్‌లోని దేవేంద్ర నగర్ వంటి పేటలో ఒకే రోగి తన రిపోర్టులు పట్టుకొని రెండు ఆసుపత్రులకు వెళ్ళాడనుకోండి. ఒక డాక్టరు "వెంటనే ఆపరేషన్ చేద్దాం" అనవచ్చు. మరొకరు "కొన్నాళ్ళు చూద్దాం" అనవచ్చు. ఇద్దరూ చదువుకున్నవారే. మరి ఈ తేడా ఎక్కడిది? ప్రమాదాన్ని ఎలా అంచనా వేయాలో వారు ఏ గురువు దగ్గర నేర్చుకున్నారన్నది ఒక కారణం. దీనికి మన హైదరాబాదులోనే ఒక పాత ఉదాహరణ ఉంది.

1847లో ఎడింబరో వైద్యుడు సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోబోయి, ఆ మందు పీల్చి మరణించింది. గుండె ఆగి పోయిందని లండన్‌లో చాలామంది అన్నారు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ మాత్రం ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, నాడితో పనిలేదని బోధించేవాడు.

ఆయన శిష్యుడే ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల అధిపతిగా ఉంటూ గురువు మాటనే పాటించాడు. ఆయన వద్ద చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తు ఇవ్వడంలో నిపుణురాలైంది. 1888లో నిజాం ప్రభుత్వ అండతో లారీ జంతువులపై ప్రయోగాలు చేయించాడు. ముందు ఊపిరే ఆగుతోందని తేల్చారు. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించాడు! 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆయనా ఎడింబరోలో చదివినవాడే. కానీ గుండెపై మందుల ప్రభావాన్ని పరిశోధించినవాడు కనుక సందేహంతోనే వచ్చాడు. చదివిన ఊరొక్కటే మనిషిని తీర్చిదిద్దదు కదా! వందలాది జంతువులపై పరీక్షించాక లారీ మాటే సరైనదన్నాడు.

కథ ముగిసిందా? లేదు. మత్తు ఎక్కువైతే ఊపిరి ముందు ఆగుతుంది, నిజమే. అయితే 1911లో గుడ్‌మన్ లెవీ, మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని పిల్లులపై చూపాడు. లారీ తన చేతిమీదుగా క్షేమంగా లేచిన వేలాది రోగులను సాక్ష్యంగా చూపేవాడు. అరుదుగా వచ్చే ప్రమాదం అంత అనుభవానికి కూడా అందకపోవచ్చు. ఇప్పుడు థియేటరులో రోగి వేలికి తగిలించే చిన్న పరికరం నాడినీ, రక్తంలోని ఆక్సిజన్‌నూ ఒకేసారి చూపిస్తుంది.