వేళకు అందిన పాఠం
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన సొసైటీ తరఫున పదో తరగతి పిల్లలకు నెట్టుద్వారా వేస్తున్న రాత్రి పాఠాలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను వక్తను కాను. పాఠాలు వేళకు విడిచే పని నాది గనుక ఆ సంగతే మనవి చేస్తాను.

"వీడియోలు తీసి పెట్టేస్తే వీలైనప్పుడు చూసుకుంటారు గదా, దీనికి మళ్ళీ టైమెందుకు?" అని చాలామంది అడిగారు. సబబైన ప్రశ్నే. కాని మన ఇళ్ళ పరిస్థితి చూడండి. చాలా ఇళ్ళలో నెట్టున్న ఫోను ఒక్కటే. అది పొద్దున్నే అబ్బాతోపాటు దుకాణానికి వెళ్ళి రాత్రికి ఇంటికొస్తుంది. వచ్చాక అన్నకు కావాలి, తమ్ముడికి కావాలి. ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్న పాఠం ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికి ఎప్పుడూ చూడని పాఠమౌతుంది. అదే "ఎనిమిదిన్నరకు క్లాసు" అంటే ఇల్లంతా ఒప్పుకుంటుంది. వేళ చెప్పటంవల్ల ఆ పిల్లకు ఫోను అడిగే హక్కు వచ్చింది.

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నడిచిన "సైట్" ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహంద్వారా టి.వి. కార్యక్రమాలు అందాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పనులనుంచి తిరిగొచ్చిన పెద్దలకు. ఎవరికెప్పుడు తీరికో చూసి వేళ పెట్టారన్నమాట. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వయంప్రభ ఛానళ్ళలో ఇంకో ఉపాయం చేశారు. రోజుకు నాలుగు గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే మరో ఐదుసార్లు తిప్పి వేస్తారు. అలా 24 గంటలూ నిండుతాయి. ఒకసారి తప్పినవారికి ఇంకోసారి అందుతుంది.

మన పద్ధతీ అదే, చిన్న ఎత్తున. మాస్టర్లు చెప్పిన పాఠాలను అద్దెకు తీసుకున్న సర్వర్‌లో పెడతాం. దానికొక పట్టిక రాసిస్తాం. ఏ పాఠం, ఏ తేదీన, ఎన్నింటికి, ఎంతసేపు, దాని తర్వాత ఏది అని. వేళకు సర్వర్ తనంతట తనే పాఠం విడుస్తుంది. చూసేవారికి మాస్టరు అప్పుడే చెబుతున్నట్టుంటుంది. వీడియోలన్నీ ఒకే సైజు, ఒకే ఫార్మాటులో ఉండాలి. లేకపోతే ఒకటి అయి మరొకటి వచ్చేచోట బొమ్మ ఆగిపోవచ్చు.

ఇక నా పొరపాటు చెప్పాలి. మొదటి రాత్రి 8-30 అని రాసి నిశ్చింతగా కూర్చున్నాను. తొమ్మిదైనా పాఠం రాలేదు. సర్వర్ గడియారం మన టైములో లేదు. అంతర్జాతీయ టైములో ఉంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. నేను రాసిన ఎనిమిదిన్నర మనకు రాత్రి రెండు గంటలైంది. రెండింటికి పాఠం చక్కగా మొదలైంది. చూసేవాళ్ళే లేరు! అంతటితో పోలేదు. "క్లాసూ లేదు, ఏమీ లేదు" అని ఒక తండ్రి కూతురి చేతిలోని ఫోను తీసేసుకున్నాడు. నేను ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని వెళ్ళి "తప్పు నాది, పిల్లది కాదు" అని చెప్పుకోవలసివచ్చింది. పది రోజులకుగాని ఆ అమ్మాయికి మళ్ళీ ఫోను దక్కలేదు. యంత్రం మనం రాసిందే చేస్తుంది, మనం అనుకున్నది కాదు.

రంజాన్ నెలలో ఎనిమిదిన్నర వేళ పనికిరాదు. అది ఇషా, తరావీహ్ నమాజుల సమయం. 2024, 2025లో పదో తరగతి పరీక్షలు ఆ నెలలోనే పడ్డాయి కూడా. అందుకని ఫజర్ తర్వాత ఆరింటికి మార్చుకున్నాం. అప్పుడు ఫోను ఇంట్లోనే ఉంటుంది. కాని నెలవంక ఎప్పుడు కనబడేదీ సర్వర్‌కేం తెలుసు? ఆ రాత్రే ఎవరో ఒకరు కూర్చుని పట్టిక మార్చాలి. మార్చి ఊరుకుంటే చాలదు, సర్వర్ కొత్త పట్టికను అందుకుందో లేదో చూడాలి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజున ఎక్కడో ఉన్న సర్వర్ పాఠం వేస్తూనే ఉంటుంది. ఇక్కడ కరెంటుండదు. అందుకే ప్రతి పాఠం ఆదివారం మళ్ళీ వేస్తున్నాం.

చివరిగా రెండు మనవులు. పట్టిక సరిచూడటానికి నాతోపాటు ఇంకో ఇద్దరు కావాలి. ఒక్కడి కన్ను చాలదని అనుభవంమీద తెలిసింది. కంప్యూటర్ తెలిసిన మన అమ్మాయిలు ముందుకొస్తే మరీ సంతోషం. రెండోది తండ్రులకు, అన్నలకు. రాత్రి ఎనిమిదిన్నరనుంచి తొమ్మిదింపావు దాకా ఫోను ఆ పిల్లది. వేళకు పాఠం పంపే పూచీ మాది, వేళకు ఫోను ఇచ్చే పూచీ మీది.