ఏ పద్దు కొయ్యాలి?
(మాదాపూర్‌లో జరిగిన సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చదివిన ప్రసంగం)



మనలో చాలామందిమి తెల్లారేసరికి హైటెక్ సిటీ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌కో, హాస్టళ్లలో వంటకో వెళ్లేవాళ్లమే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సులో మనకు జీరో టికెట్ వచ్చింది. మిగిలిన చార్జీ డబ్బులే కొందరికి నెల పొదుపు అయ్యాయి. "సర్కారు ఇంత భారం మొయ్యలేదు, ఉచితాలు తగ్గించాలి" అనే మాట కూడా ఆ బస్సులోనే వింటున్నాం. అందుకే ఈ సంగతి మాట్లాడుకుందాం.

ముందు మన ఇంటి లెక్క. ఈ ఏడాది సమాఖ్య ఖర్చు తగ్గించాలని అందరం చేతులెత్తాం. మీటింగ్ టిఫిన్ తీసేద్దామంటే డ్యూటీ నుంచి నేరుగా వచ్చేవాళ్లు వద్దన్నారు. ఆటో చార్జీ తీసేద్దామంటే దూరపు బస్తీలవాళ్లు వద్దన్నారు. తగ్గాలన్న మాట అందరిదీ, తగ్గే పద్దు మాత్రం పక్కవాళ్లది కావాలి. పోగొట్టుకునేవాళ్లకు నష్టం ఎదురుగా కనబడుతుంది. మిగిలేది తలా రెండు రూపాయలు, ఎవరికీ ఆనదు. ప్రభుత్వాలకూ ఇదే చిక్కు.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం ఊరూరా పాకి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానాకు మద్యం రాబడి పోయింది. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం బియ్యం ధర మూడున్నర చేసింది. 1997లో నిషేధమే ఎత్తేసింది. 2000లో కరెంటు చార్జీలు పెంచితే జనం రోడ్డెక్కారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. మన పక్కనే సైబర్ టవర్స్ కట్టి పేరు తెచ్చుకున్న ఆ ప్రభుత్వం 2004లో ఓడిపోయింది. కరువులాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ తర్వాత వచ్చిన రాజశేఖరరెడ్డి మొదటి సంతకం రైతుల ఉచిత కరెంటు మీదే పెట్టారు. 2008లో బియ్యం మళ్లీ రెండు రూపాయలకు వచ్చింది.

దీంట్లో మనం తెలుసుకోవాల్సింది ఒకటుంది. బియ్యం తిరిగొచ్చింది, మనం కొట్లాడి తెచ్చుకున్న నిషేధం తిరిగి రాలేదు. మన బియ్యానికి డబ్బు మన ఇంటి మగవాళ్ల సీసాలోంచి రాకూడదంటే, డబ్బు ఎక్కడిదని కూడా మనమే అడగాలి. ఇంకోటి, పథకం రద్దని ఎవరూ చెప్పరు. బస్సులు తగ్గిస్తే చాలు. టికెట్ జీరోనే ఉంటుంది, బస్సే రాదు. అలాంటి కోతను కనిపెట్టాలి.

మన దగ్గర చిక్కు ఎట్లా తీరిందంటే, పద్దులన్నీ అందరి ముందూ గట్టిగా చదివాం. టిఫిన్ ఉంది, ఆటో ఉంది. ఫ్లెక్సీలు, శాలువాలు పోయాయి. వాటికోసం ఎవరూ ఏడవలేదు. ఈరోజు పెద్దలకు శాలువా కప్పలేకపోయాం, మన్నించాలి. సర్కారునూ మనం అడిగేది ఇదే: కోసే ముందు లెక్క మా ముందు చదవండి.