అంధుని ఓటు

ఓటు రహస్యమని చట్టము చెప్పును. కాని అంధుని రహస్యము చిరకాలము ఇద్దఱి సొత్తై యుండెను. 1961 నాటి ఎన్నికల నియమములు అతనికి తోడును అనుమతించినవి. గుట్టు బయలుపఱుపనని ఆ తోడు వ్రాసి యీయవలెను. కన్నకొడుకే యైనను, నొక్కునది పరుని వ్రేలే గదా!

2004లో హైదరాబాదునందలి ఆసిఫ్‌నగరు ఉపయెన్నికయందు ఓటుయంత్రపు మీటల ప్రక్కన బ్రెయిలీ అంకెలను పరీక్షించిరి. 2009 లోకసభ ఎన్నికలనాటికి అవి దేశమంతట వచ్చినవి. అంధుడు అంకెను తడవి, తానే మీట నొక్కవచ్చును. ఇది చిన్న మేలు గాదు. అయినను బ్రెయిలీ నేర్వనివారి కది యందదు.

2019 లోకసభ ఎన్నికలయందు ప్రతి కేంద్రమునను చీటియంత్రము చేరినది. వేసిన ఓటు చీటిపై అచ్చై, గాజు వెనుక 7 సెకండ్లు కనబడి పెట్టెలో పడును. చూపుగలవాడు సరిచూచుకొనును. అంధునకు యంత్రధ్వని మాత్రమే వినబడును. ఓటు ఎవరికి పడినదో అది చెప్పదు. ఆ చీటిని అతని చెవికి మాత్రమే వినిపించు సాధనమును ఎన్నికల సంఘమువారు కూర్పవలెనని నా విన్నపము.